రోగం లేని నడక

సిరిసిల్ల,
మే 17, 2021.

రాధికా,

ఫోన్లున్న కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. మా ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, ఒక్క గది. నీతో మాట్లాడాల్సింది బాపు గురించి. బాపు వింటుండగా ఎలా మాట్లాడను? లాక్‌డౌన్ కదా, పొద్దున పది దాటాక బయటికి వెళితే పోలీసులు ఊరుకోరు, పది లోపు వీధంతా మనుషులే. అందుకని బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, దాని మీదే కాగితం పెట్టి రాస్తున్నాను. అమ్మ చూసినా లెక్కలు రాసుకుంటున్నాననుకుంటుంది.

షెడ్డులో బట్ట నేసే సాంచాలు ఆగిపోయాయి. నూలు రావడం లేదు, నేసిన బట్ట పోవడం లేదు. ఆసామి తాళం వేసుకున్నాడు. బాపు సంగతి నీకు తెలుసు కదా, రోజుకు పన్నెండు గంటలు సాంచాల నడుమ తిరుగుతూ తెగిన పోగు ముడివేస్తూ బతికిన మనిషి. ఇప్పుడు గడపలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటున్నాడు. నిద్ర లేదు. "సప్పుడు లేకుంటె నిద్ర పడ్తలేదు" అంటాడు. అన్నం ముందు పెడితే, "కూసున్నోనికి తిండి దండుగ. నేను లేకుంటె మీకో ముద్ద మిగులుతది" అన్నాడు మొన్న. నవ్వుతూ అనలేదు.

మా వెనక వీధిలో జగదీశ్ అని సాంచాల మీద పనిచేసేవాడు పోయిన వారం తనంతట తానే ప్రాణం తీసుకున్నాడు. బాపు ఈడువాడే. అప్పటి నుంచి నేనూ అమ్మా వంతులు వేసుకుని పడుకుంటున్నాం. ఇద్దరం ఒకేసారి కళ్లు మూయడం లేదు. ఎందుకో ఒకరికొకరం చెప్పుకోలేదు.

నువ్వు బీపీఎడ్ చదివావు. ఒంటికీ మనసుకూ సంబంధం ఉంటుందని జగిత్యాల హాస్టల్లో గోడకు ఆనుకుని పైకి చదివేదానివి, మాకు నిద్ర పట్టనిచ్చేదానివి కావు. అది పరీక్ష కోసమేనా, నిజమా? నిజమైతే ఏం చేయాలో రాయి.

సుస్మిత


కోరుట్ల,
మే 24.

సుస్మితా,

నిజమే. పరీక్ష కోసం కాదు. ఒళ్లు కదిలితే నిద్ర వస్తుంది, నిద్ర వస్తే ఆలోచన మారుతుంది. మీ బాపు ముప్పై ఏళ్లు నడిచిన మనిషి. ఒక్కసారిగా కూలబడితే ఒంటికి దెబ్బే, మనసుకూ దెబ్బే. పొద్దున్నే ఎండ రాకముందు బయటికి తీసుకెళ్లు. మానేరు దిక్కు నడిపించు. రోజూ ఒకే వేళకు.

కానీ నడక ఒక్కటే చాలదు. ఆ మాటలు తేలిగ్గా తీసుకోకు. పెద్దాసుపత్రిలో డాక్టరుకు చూపించు. అప్పటిదాకా ఒంటరిగా వదలకండి, మీరు చేస్తున్నది సరిగ్గానే ఉంది.

నా సంగతి అడగలేదు, అయినా చెప్తాను. బడి మూసినా పిల్లల వాట్సాప్ గ్రూపులో రోజుకో వ్యాయామం వీడియో పెట్టాలట. డాబా మీద ఫోను ఇటుకకు ఆనించి గెంతుతున్నాను. ఇల్లుగలామె రాజక్క కింది నుంచి ఒకటే కేక: "ఏం పిల్లా, డాబ మీద కారం దంచుతున్నవా? సున్నం రాలుతాంది!" నేను రోజూ పొద్దున ఉరుకుతున్నాను, బాగున్నాను. పీటీ మేడం బాగా లేకపోతే ఎలా?

మొదలుపెట్టి నాకు రాయి.

నీ రాధిక


సిరిసిల్ల,
జూన్ 1.

రాధికా,

మొదలుపెట్టాను, మొదటి రోజే ఆగిపోయింది.

ఆసుపత్రి మాట ఎత్తగానే, "నాకేమన్న పిస్స లేసిందా?" అని అటు తిరిగి కూర్చున్నాడు. సరే, నడక అన్నాను.

"బాపూ, పొద్దుగాల నడుద్దాం పా."

"ఎటు?"

"ఎటు లేదు. ఉత్తగ."

"ఉత్తగ నడుసుడేంది? పనికి పోతె నడుస్తరు, పెండ్లికి పోతె నడుస్తరు. పని లేనోడు రోడ్ల పొంటి తిరుగుతాండని నలుగురు నవ్వాల్నా?"

అప్పుడు గమనించాను. మా వీధిలో పొద్దున్నే నడిచే మనిషి ఒక్కడే, బక్కయ్య. ఇదివరకు షెడ్లకు నూలు మూటలు మోసేవాడు. బాపుకు తెలిసినవాడే. చేతులు ఊపుకుంటూ మానేరు వంతెన దాకా పోయి వస్తాడు. ఆయన్ను చూసి ఎవరూ నవ్వరు. ఎందుకని అమ్మను అడిగాను.

"బక్కయ్యకంటె షుగరాయె! డాక్టర్ నడువుమన్నడు, నడుస్తాండు. మీ బాపుకేం రోగమున్నదని నడ్వాలె?"

ఇదీ సంగతి. మా దగ్గర కాలు కదపాలంటే పనైనా ఉండాలి, రోగమైనా ఉండాలి. బాపుకు పని పోయింది, రోగం లేదు. ఇంక ఏ మొహం పెట్టుకుని నడుస్తాడు?

సుస్మిత


కోరుట్ల,
జూన్ 7.

సుస్మితా,

అయితే మీ బాపుకు షుగర్ తెప్పించు! చాలా రోజులకు నవ్వాను. నా బీపీఎడ్ పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు ఈ మందు.

వీడియోలు ఇప్పుడు పెట్టడం లేదు. ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

రాధిక


సిరిసిల్ల,
జూన్ 15.

రాధికా,

షుగర్ తెప్పించాను. నువ్వు చెప్పినట్టే.

ఆశా కార్యకర్త వజ్రమ్మ జ్వరం సర్వేకు ఇల్లిల్లూ తిరుగుతోంది. అందరి వేలికీ క్లిప్పు పెట్టి చూసింది. అది ఊపిరి ఎంత బాగా అందుతుందో చూసే మిషను. బాపుకు తొంభై ఏడు వచ్చింది. ఆమె రాసుకుని పక్కింటికి పోయింది. బాపు తన వేలి వంకే చూసుకుంటూ, "తొంబై యేడు పడ్డది. గదేంది బిడ్డా?" అన్నాడు.

నీ ఉత్తరం నా ఒళ్లో చాటలో, ఆకుల కిందే ఉంది.

"షుగర్, బాపూ. కొంచెం ఉన్నదట. రోజూ నడిస్తె తగ్గుతదట" అన్నాను.

ఎందుకు నమ్మాడో తెలుసా? మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. రేషను కార్డు, కరెంటు బిల్లు, మందు సీసా మీద రాత, ఏదైనా నేను చదివి చెప్పిందే వాళ్లకు లెక్క. అంకె బాపు కూడా చూశాడు. దాని అర్థం చెప్పాల్సింది నేనే. చెప్పాను.

మర్నాడు తెల్లవారుతూనే చెప్పులు వేసుకున్నాడు. బక్కయ్య ఎదురొచ్చి, "ఏం రాజలింగం, నువ్వు గూడ మన సంఘంల జేరినవా? దా దా, సందా ఏం లేదు, షక్కరి మానేస్తె సాలు!" అని భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ ఆగని మాటలతో వంతెన దాకా పోయి వచ్చారు. బాపు నాలుగు రోజులుగా రోజూ పోతున్నాడు. నిన్న మధ్యాహ్నం గురక పెట్టి నిద్రపోయాడు. అమ్మ చాట పక్కన పెట్టి ఆ గురక వింటూ కూర్చుంది.

నువ్వు నిజంగా గొప్పదానివే.

సుస్మిత


కోరుట్ల,
జూన్ 22.

సుస్మితా,

నేను నవ్వులాటకు రాశాను. నువ్వు నిజంగా చెప్తావని అనుకోలేదు.

నడుస్తున్నాడు, నిద్రపోతున్నాడు అంటే నాకూ సంతోషమే. కానీ లేని రోగం ఎన్నాళ్లు ఉంటుంది? అమ్మకైనా చెప్పావా? కొంచెం కోలుకోగానే నువ్వే చెప్పేయి. ఆలస్యం చేయకు.

వచ్చే వారం జగిత్యాలకు పోతున్నాను, అభిలాష్ అన్న ఇంటికి. ఇక ఉత్తరాలు అక్కడికి రాయి. చిరునామా వెనక ఉంది.

రాధిక


సిరిసిల్ల,
జులై 5.

రాధికా,

నువ్వు భయపడ్డట్టే అయింది. అంతకంటే ఎక్కువే అయింది.

మా తాతకు షుగర్ ఉండేదట. నేను పుట్టకముందే పోయాడు. ముందు వేలు తీశారు, తరువాత మోకాలి దాకా తీశారు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. తెలిస్తే ఆ మాట అనకపోదును.

అమ్మ చాయ్‌లో చక్కెర ఆపింది, అన్నం ఆపి జొన్నరొట్టె పెడుతోంది. బాపు రోజూ కాలివేళ్లు విడదీసి చూసుకుంటున్నాడు. ఏదో రాయి తగిలి గీరుకుంటే ఇక నడక మానేశాడు. "గిట్లనే మొదలైతది" అన్నాడు. సాంచాలు ఈ నెలలో నడుస్తాయని ఆసామి కబురు పంపాడు. అందరూ లేచి కూర్చున్నారు. మా బాపు మాత్రం, "కాలు తీసినంక సాంచాల నడుమ ఎట్ల నిలవడాలె? ఉన్నన్ని దినాలు మీకు బరువు, గంతే" అన్నాడు. నా పెళ్లి తొందరగా చేసేయమని అమ్మకు అప్పగింతలు పెడుతున్నాడు.

నిన్న ఎదురుగా కూర్చుని చెప్పేశాను. "బాపూ, నీకు షుగర్ లేదు. నేను అబద్దం జెప్పిన. నువ్వు నడుస్తవని జెప్పిన."

నా తల మీద చెయ్యి పెట్టాడు. "నాకు దైర్నం జెప్తున్నవు బిడ్డా. నాకెరుకలే" అన్నాడు.

ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. అమ్మకూ చెప్పాను. ఆమె కూడా, "గట్లనే జెప్పు, జర నిమ్మలపడుతడు" అంది.

మళ్లీ వంతులు వేసుకుని పడుకుంటున్నాం. మొదట ఆయనకు పని ఒక్కటే లేదు. ఇప్పుడు నేను రోగం కూడా ఇచ్చాను. ఏమైనా జరిగితే అది నా నోటి మాటతో జరిగినట్టే. నాకు ఏమీ తోచడం లేదు. వెంటనే రాయి.

సుస్మిత


జగిత్యాల,
జులై 12.

సుస్మితా,

ముందు పని చెప్తాను, తరువాత నా సంగతి.

నీ మాట ఆయన నమ్మడు. కూతురివి కనుక నమ్మడు. ఇంకో షుగర్ మనిషి చెప్తే నమ్ముతాడు. బక్కయ్య దగ్గరికి పో. దాచకుండా అంతా చెప్పు. అన్నాళ్లుగా షుగర్ ఉన్నవాడికి పరీక్ష సంగతి తెలిసే ఉంటుంది. ఈ ఉత్తరం అందిన రోజే పో. తిడితే పడు.

ఇక నాది. నీకు నిజం రాయలేదు. నా గెంతే వీడియో ఒకటి ఎవరో గ్రూపులోంచి తీసి వేరే గ్రూపుల్లో తిప్పారు. కింద రాసిన మాటలు నీకు రాయను. అది తిరిగి తిరిగి అభిలాష్ అన్న ఫోనుకు చేరింది. అన్న నన్నేమీ అనలేదు. "వీడియోలు బంద్ చెయ్యి" అన్నాడంతే. ఆ వారమే బడివాళ్లు, ఇక మళ్లీ పిలిస్తే రండి అన్నారు. నేను డాబా ఎక్కడం మానేశాను. తరువాత తలుపు తీయడం మానేశాను. నీకు మానేరు దిక్కు నడిపించమని రాసిన ఉత్తరం తప్ప మిగతావన్నీ చాప మీద పడుకుని రాసినవే. మీ బాపు గురించి నువ్వు రాసినవి చదువుతూ, ఇవన్నీ నాకూ ఉన్నాయి కదా అనుకునేదాన్ని. నీకు చెప్పడానికి సిగ్గేసింది. పీటీ మేడంను కదా.

తను కూర పోసి గడప దగ్గర పెట్టిన గిన్నె పెట్టినట్టే ఉందని రాజక్కే అన్నకు ఫోన్ చేసింది. సున్నం రాలుతుందని అరిచిన ఆమే, "సప్పుడు లేదు బిడ్డా, నాకు బయమైతాంది" అందట.

అన్న ఇక్కడ డాక్టరుకు చూపించాడు. రెండుసార్లు వెళ్లాను. ఆమె పిచ్చి అనే మాటే ఎత్తలేదు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది అని అడిగి మాత్రలు రాసింది. మా అమ్మ సాయవ్వ ఊరి నుంచి వచ్చి, ఊరుకోక నన్ను సారంగాపూర్ దిక్కు నాట్లకు లాక్కుపోయింది. ఆడవాళ్లందరూ ఒకటే నవ్వు. "పీటీ మేడం, పిల్లలకు వంగుడు నేర్పుతవట గదా? దా, వంగుడంటె ఏందో మేం నేర్పుతం!" సాయంత్రానికి నడుము నాది కాదు. ఆ రోజు కూర్చున్నచోటే నిద్రపోయాను. మాత్రల వల్లనో నాట్ల వల్లనో నాకు తెలియదు. రెండూ మానడం లేదు.

బక్కయ్య దగ్గరికి పో.

రాధిక


సిరిసిల్ల,
జులై 20.

రాధికా,

నీ సంగతి చదివి అమ్మకు తెలియకుండా ఏడ్చాను. దాని గురించి మళ్లీ రాస్తాను. ముందు జరిగింది చెప్తాను.

ఉత్తరం అందగానే వెళ్లాను. బక్కయ్య ముందు పొట్ట పట్టుకుని నవ్వాడు, దగ్గు వచ్చేదాకా. తరువాత చెప్పు విడిచి కాలు చూపించాడు. చిటికెన వేలు లేదు. "షుగరంటె ఆటనా పోరీ? సదువుకున్నదానివి, నోటికెట్లొచ్చింది?" అని తిట్టాడు. పడ్డాను. అప్పుడు లోపలికి పోయి, అల్లుడు కొనిచ్చిన మిషను తువ్వాలలో చుట్టుకుని నాతో వచ్చాడు.

"ఏదీ, వేలు పట్టు రాజలింగం. నీది నాది సరి జూసుకుందాం."

సూది చూసి బాపు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "గీ గుచ్చుడేంది? నాకు క్లిప్పు పెట్టి జూసిండ్రు."

"క్లిప్పా? క్లిప్పు పెట్టి జూసేది ఊపిరి. షుగర్ నెత్తుర్ల ఉంటది, గోరు మీద ఉండది. ఎవలు జెప్పిండ్రు నీకు?"

బాపు నా వైపు చూశాడు. బక్కయ్య తన వేలికి గుచ్చుకున్నాడు, రెండు వందల నలభై. బాపుకు గుచ్చాడు. అప్పుడే రొట్టె తిన్నాడు, అయినా నూట పది.

"నూట పది! నాది గింత మందు మింగినా గట్ల పడది. నీకు షుగర్ లేదు, ఏం లేదు. ఇగో, నీ బిడ్డ మొన్న జెప్పింది నిజమే, ముందుగాల జెప్పింది అబద్దం."

బాపు తన కాళ్ల వంక చూసుకున్నాడు. అప్పుడు అన్నాడు: "సదువు జెప్పిచ్చింది గిందుకేనా?"

అంతే. తరువాత నాతో ఒక్క మాట లేదు. అమ్మతో మాట్లాడుతున్నాడు, అన్నం తింటున్నాడు. కాలు పోతుందన్న భయం పోయింది. కానీ నడక మళ్లీ లేదు. రోగం లేదు కదా. మళ్లీ గడపలో అదే చోట కూర్చుంటున్నాడు. మళ్లీ మొదటికే వస్తుందేమోనని నాకు భయంగా ఉంది.

సుస్మిత


జగిత్యాల,
జులై 26.

సుస్మితా,

కోపం రానీ. చాప మీద పడి ఉన్నన్ని రోజులు నాకు ఎవరి మీదా కోపం లేదు. కోపం వచ్చిన రోజే అన్నం అడిగాను. ఆ వీడియో తిప్పినవాళ్లను నాటు మళ్లో నిలబడి గట్టిగా తిట్టాను, ఆడవాళ్లందరూ వంత పాడారు.

ఆయన మాట్లాడకపోయినా నువ్వు మాట్లాడు. వంతులు మాత్రం మానకండి.

రాధిక


సిరిసిల్ల,
ఆగస్టు 4.

రాధికా,

నిదానంగా రాస్తున్నాను, తొందర లేదు.

మొన్న ఆదివారం తెల్లవారుతూనే బక్కయ్య మా గడప ముందు నిలబడ్డాడు.

"లెవ్వు రాజలింగం."

"నాకు రోగం లేదు. నేనెందుకు నడ్వాలె?"

"నీకు లేదు. నాకున్నది గదా? నీతోని ముచ్చట వెట్టుకుంట పోతె వంతెన దాటుతుంటి. ఇప్పుడొక్కన్నే సగం తొవ్వల్నే కూలవడుతున్న. ఇంకో వేలు పోయిందనుకో, పాపం నీదే."

"లడ్డులు తినేది నువ్వు, పాపం నాదా?"

"తినకుండ పట్టేటోడు పక్కకుండాలె గదా! లెవ్వు."

బక్కయ్య గడప ముందు నుంచి కదల్లేదు. వీధిలో నీళ్లు పట్టుకునేవాళ్లు చూస్తున్నారు. చివరికి బాపు లేచి చెప్పులు వెతుక్కున్నాడు. పక్కింటి సుశీలక్క బిందె దించి, "నీకు షుగర్ లేదంట గదా, ఇంకెటు?" అంది.

"బక్కయ్యకున్నది" అన్నాడు బాపు, పెద్దగా. వీధిలో ఎవరూ నవ్వలేదు. మనిషికి తోడు పోవడం పనే కదా.

అప్పటి నుంచి రోజూ పోతున్నారు. సోమవారం సాంచాలు నడిచాయి. బాపు నడక అయ్యాకే షెడ్డుకు పోతున్నాడు. నిన్న బక్కయ్యకు పెద్దాసుపత్రిలో మందులు ఇచ్చే రోజు. బాపు తోడు వెళ్లాడు, నేనూ వెళ్లాను. ఆ వంకన నువ్వు చెప్పినట్టే అక్కడి మనసు డాక్టరు ముందు బాపును కూర్చోబెట్టాను. నిద్ర సంగతి అడిగితే చెప్పాడు. సాంచాల సప్పుడు సంగతి చెప్పాడు. తనకు చావాలని అనిపించిందా అని ఆమె నేరుగా అడిగింది. నేను నేల చూశాను. "అనిపిచ్చింది. ఇప్పుడు రోజు అనిపిస్తలేదు" అన్నాడు. రోజూ అనిపించడం లేదన్నాడు, అసలు అనిపించదనలేదు. ఆమె మళ్లీ రమ్మంది. వస్తానన్నాడు.

ఇన్ని రోజులూ నాతో మాట మాత్రం లేదు. ఇవాళ పొద్దున వాళ్లిద్దరూ మా గడపలో కూర్చుని మిషను తీశారు. బక్కయ్య కళ్లద్దాలు పగిలాయట, అంకె కనబడటం లేదు. బాపు కూడా వంగి చూశాడు, ఆ చిన్న అంకెలు ఆయనకూ ఆనలేదు. అప్పుడు లోపలికి చూసి పిలిచాడు.

"బిడ్డా, ఇటు రా. గిది సూడు."

వెళ్లాను. మిషను నా చేతిలో పెట్టాడు.

"ఉన్నది ఉన్నట్టు సదువు."

రెండుసార్లు చూసుకున్నాను. "రెండు వందల అరవై రెండు" అన్నాను.

బక్కయ్య నా వంక బతిమాలుతున్నట్టు చూశాడు. "జర తక్వ జెప్పరాదె బిడ్డా! మీ బాపుకైతె ఉన్నది లేనిది జెప్పితివి."

"అది తక్వ జెప్పది" అన్నాడు బాపు, నిలబడుతూ. "లే, నడువు. రాత్రి ఏం తిన్నవో తొవ్వల చెప్పు."

ఇద్దరూ వంతెన వైపు వెళ్లారు. నేను వాళ్లు కనుమరుగయ్యేదాకా చూసి, లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను. రాత్రి అమ్మా నేనూ ఒకేసారి పడుకోవచ్చేమో అడగాలి.

నీ మాత్రలు ఎలా ఉన్నాయి? నాట్లు అయిపోతే ఏం చేస్తావు? ఈసారి ఎలా ఉన్నావో ఉన్నట్టు రాయి.

సుస్మిత